తెలుగు పాటల హక్కుదారులకి బహిరంగ లేఖ: ఓకే అవ్వని టేకులు కూడా మాకు కావాలి

తెలుగు సినిమా పాటల హక్కులు ఉన్న ఆడియో కంపెనీలకి, నిర్మాతలకి, వాళ్ళ వారసులకి, రికార్డింగ్ థియేటర్లు నడిపినవాళ్ళకి, ఇప్పటికీ నడుపుతున్నవాళ్ళకి,

నమస్కారం. మీరు ఖర్చుపెట్టి తీయించిన పాటలు వింటూనే మేం పెరిగాం, ఆ కృతజ్ఞత ఎప్పటికీ ఉంటుంది. ఇక విషయానికొస్తా. పాట రికార్డ్ చేసేటప్పుడు పాడి వాయించిన ఒక్కో ప్రయత్నం ఒక టేకు, వాటిలో ఓకే అయినదే బయటికొస్తుంది. ఓకే అవ్వని మిగతా టేకుల్ని పోనివ్వకుండా దాచండి, మాకూ వినిపించండి అని అడగడానికే ఈ లేఖ.

పోయిన రెండేళ్ళలో మీలో ఒక కంపెనీకి మూడు ఉత్తరాలు రాశా, రెండు రిజిస్టర్ పోస్టులో, ఒకటి మెయిల్లో. నేనడిగింది చాలా చిన్న విషయం. ఒక సినిమా పాటల ఒరిజినల్ రికార్డింగ్ టేపులు మీ దగ్గర ఉన్నాయా లేవా, ఉంటే ఏ స్థితిలో ఉన్నాయి, కాపీ కూడా అక్కర్లేదు, ఉన్నాయో లేవో చెప్పండి చాలు అని. రెండు ఉత్తరాలకీ అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది, జవాబు మాత్రం రాలేదు. ఆఖరికి ఫోన్ చేస్తే అవతల కుర్రాడు మర్యాదగానే మాట్లాడి, "వాటితో మీకేం పని సార్, పాట యూట్యూబ్‌లో ఉందిగా" అన్నాడు. అతన్ని తప్పుపట్టట్లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు అంతే. కానీ ఆ మాటకి జవాబు చెప్పాలి కాబట్టే అందరికీ కలిపి ఇలా రాస్తున్నా.

ముందు మా ఇంట్లో ఉన్న స్పూళ్ళ సంగతి. మా మావయ్య, అంటే మా అమ్మ వాళ్ళ అన్నయ్య, తెనాలి నుంచి మద్రాసు వెళ్ళి పాతికేళ్ళు సినిమా ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ వాయించారు. ముందు వరసలో కాదు, వెనక వరసలో. ఏ రికార్డు కవరు మీదా ఆయన పేరు లేదు. 2019లో ఆయన పోయాక వడపళని ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ట్రంకుపెట్టెలో పాత చొక్కాల కింద మూడు స్పూళ్ళు దొరికాయి, పావు అంగుళం టేపు, అట్టపెట్టె మీద నీలం ఇంకుతో పల్లవిలో మొదటి రెండు మాటలు, పక్కన 1979, కింద వరసగా టేక్ 1 ఎన్.జి. (నో గుడ్, అంటే పనికిరాదని), టేక్ 2 ఎన్.జి., టేక్ 3 హోల్డ్ (పక్కన ఉంచి చూద్దామని), టేక్ 4 ఎన్.జి., టేక్ 5 ఓకే. చెరిపి మళ్ళీ వాడదామని పక్కన పెట్టిన టేపుల్లోంచి ఎవరో ఇంజనీరు స్నేహం కొద్దీ ఇచ్చాడట, అత్తయ్యకి అంతవరకే తెలుసు.

హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర స్పూలు డెక్కు ఇంకా పనిచేస్తోందంటే పట్టుకెళ్ళా. పెట్టిన పది సెకన్లకే కీచుమని ఆగిపోయింది, చూస్తే హెడ్డు మీద గోధుమరంగు బంక. డెబ్భైల మధ్య నుంచి వచ్చిన కొన్ని రకాల టేపులకి ఈ జబ్బు ఉంటుందట, టేపు మీద పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలో తేమ పీల్చుకుని మెత్తబడిపోతుంది, మద్రాసు గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆయన ఆ స్పూలుని యాభై డిగ్రీల సన్నసెగలో గంటల తరబడి ఉంచి, చల్లార్చి, మర్నాడు మళ్ళీ ఎక్కించారు. అలా చేస్తే కొన్ని వారాలు మాత్రం తిరుగుతుంది, ఆ లోపల కాపీ తీసుకోవాలి, తర్వాత మళ్ళీ మొదటికొస్తుంది.

మర్నాడు మేం విన్నది ఇది. గాజు అవతల నుంచి "టేక్ వన్" అని ఒక గొంతు, స్టాండు మీద కర్రతో కొట్టిన చప్పుడు, మొదటి బిట్టులో ఫ్లూట్ ఒక మాత్ర ముందే వచ్చేసింది, ఆపేశారు. రెండో టేకులో చరణం దాకా బాగానే వెళ్ళి ఠప్పున ఆగిపోయింది, ఎవరో "సార్, ఒక్క నిమిషం సార్, తీగ తెగింది" అన్నారు. అది మా మావయ్య గొంతు. 34 ఏళ్ళ వయసులో ఉన్న గొంతు. మా దగ్గర ఆయన ఫొటోలు ఉన్నాయి, పెళ్ళి ఆల్బమ్ ఉంది, గొంతు మాత్రం ఎక్కడా లేదు అప్పటివరకు. సాయంత్రం అత్తయ్యకి ఫోన్లో వినిపిస్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఒరే, మళ్ళీ పెట్టరా" అంది, అలా నాలుగుసార్లు పెట్టించుకుంది.

ఇంక మూడో టేకు, హోల్డ్ అని రాసింది. అందులో గాయకుడు రెండో చరణం చివర ఒక సంగతి, అంటే బాణీలో ఒక చిన్న మెలిక, వేశాడు, పైకి వెళ్ళి అక్కడ ఒక క్షణం నిలబడి మెల్లగా మెట్లు దిగినట్టు దిగాడు. మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఆ పాట నేను కొన్ని వందలసార్లు విని ఉంటా, అందులో ఆ సంగతి లేదు. ఎందుకు లేదో కూడా టేపులోనే ఉంది, టేకు అయ్యాక సంగీత దర్శకుడు "బావుంది నాయనా, కానీ హీరోకి పెదాలు కదపడం కష్టం, సాదాగా దిగిపో" అన్నాడు. ఆ ఒక్క మాటతో సినిమా పాట ఎలా తయారవుతుందో నాకు అర్థమైంది, పాటగాడి గొంతులో ఉన్నదంతా పాటలోకి రాదు, హీరో పెదాలు, రీలు నిడివి, ప్రొడ్యూసర్ కాల్షీట్ లెక్క ఇవన్నీ దాటుకుని మిగిలిందే మన దాకా వచ్చింది. మిగతాది ఆ టేపుల్లో ఉండిపోయింది.

యూట్యూబ్‌లో ఉన్నది అయిదో టేకు. అది ఓకే టేకు, నిజంగా ఓకేనే, దాన్ని కాదనట్లేదు. కానీ ఆ రోజు జరిగిన పాటలో అది అయిదో వంతు.

అప్పటి పద్ధతి మీకు నాకంటే బాగా తెలుసు. గాయకులు, కోరస్, వయొలిన్లు, తబలా, ఫ్లూట్ అందరూ ఒకే హాల్లో ఒకేసారి, ఒక్కరు తప్పినా మళ్ళీ మొదటినుంచి. ఇప్పటిలా ఒక్క మాట దగ్గర పంచ్ చేసి సరిచెయ్యడం ఉండేది కాదు. అందుకే అప్పటి ప్రతి టేకు దేనికదే ఒక పూర్తి కచేరీ లాంటిది, నడక కొంచెం మారుతుంది, తబలా ఆయన ముక్తాయింపు మారుస్తాడు, గాయని ఒకసారి నవ్వు ఎక్కువ పెడుతుంది ఒకసారి తగ్గిస్తుంది. అభిమానులకి ఈ టేకులంటే ఎందుకంత ఇష్టమంటే, కంఠతా వచ్చేసిన పాట మళ్ళీ కొత్తగా, ఏమవుతుందో తెలియకుండా వినొచ్చు. చిన్నప్పుడు మొదటిసారి రేడియోలో విన్నప్పుడు ఎలా ఉందో అలా.

ఇదేదో నా ఒక్కడి పిచ్చి కాదు. అమెరికాలో బాబ్ డిలన్ పాట లైక్ ఎ రోలింగ్ స్టోన్ 1965 జూన్ 15, 16 తేదీల్లో రికార్డ్ చేశారు. మొదటి రోజు అది మన తిశ్రం లాగా మూడు దెబ్బల నడకలో ఉంది, వింటే వేరే పాటేమో అనిపిస్తుంది. రెండో రోజు నాలుగో టేకు కుదిరింది, లోకమంతా విన్నది అదే. కానీ కుదిరిందని అక్కడున్నవాళ్ళకి అప్పటికి తెలీదు, ఇంకో పదకొండు టేకులు ప్రయత్నించారు, ఏదీ దాన్ని అందుకోలేకపోయింది. 2015లో డిలన్ పాటల కంపెనీ 1965, 66ల టేకులన్నీ 18 సీడీల పెట్టెగా తెచ్చింది, దాంతోపాటే తెచ్చిన 6 సీడీల పెట్టెలో ఒక సీడీ మొత్తం ఈ ఒక్క పాటే. ఇంగ్లండ్ బృందం బీటిల్స్ వాళ్ళ స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ పాటైతే అసలు ఒక టేకే కాదు, ఏడో టేకు మొదటి నిమిషం, 26వ టేకు మిగతాది, శ్రుతి వేరు వేగం వేరు, టేపు వేగం మార్చి రెంటినీ అతికారు. 1996లో విడి టేకులు బయటికొచ్చాక అతుకు ఎక్కడుందో జనం వెతుక్కుని మరీ విన్నారు. రాబర్ట్ జాన్సన్ అని బ్లూస్ గాయకుడు 1936, 37ల్లో పాడినవి 29 పాటలు, 27 ఏళ్ళకే పోయాడు, ఆ గొంతులో ఇంకో పాట రాదు, కానీ రెండో టేకులు దాచబట్టి ఇవాళ 42 రికార్డింగులు వినొచ్చు. ఘంటసాల గారు 1974లో పోయేనాటికి ఆయన వయసు 51. ఆయన పాడి, ఓకే కాక పక్కన పడిపోయినవి ఎన్ని ఉండి ఉంటాయో ఒక్కసారి ఆలోచించండి.

మన దగ్గర టేపులు ఎందుకు చెరిపేశారో నాకు తెలుసు. టేపు ఖరీదు, దిగుమతి సరుకు, ఓకే టేకు ఫిల్ము మీదికి ఎక్కించేశాక ఆ స్పూలు రేపటి రికార్డింగ్‌కి కావాలి. తప్పు అనను. కానీ దాచాలనుకున్నవాళ్ళు దాచారు. 1966 డిసెంబర్ 15న బాలు గారు శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న సినిమాకి మొదటి పాట పాడారు కదా, ఆ టేపు చెరిపెయ్యొద్దని ఆ సినిమా సంగీత దర్శకుడు కోదండపాణి గారు విజయా గార్డెన్స్ రికార్డింగ్ థియేటర్ ఇంజనీర్ స్వామినాథన్ గారికి చెప్పి దాచిపెట్టించారని, ఈ కుర్రాడెలా పాడాడో వినండని మిగతా సంగీత దర్శకులకి వినిపించారని బాలు గారే చెప్పుకునేవారు. ఆ కృతజ్ఞతతోనే తన థియేటర్‌కి కోదండపాణి ఆడియో ల్యాబ్స్ అని పేరు పెట్టుకున్నారు. ఒక టేపు చెరపకుండా ఆపితే ఏం జరిగిందో చూశాం కదా.

ఇప్పుడు ఈ టేపులు పోతే మామూలు జనానికి ఏం నష్టమో వరసగా చెప్తా.

1. వాయించినవాళ్ళ కుటుంబాలకి. మద్రాసులో కొన్ని వందల మంది మన పాటలకి వాయించారు, కోరస్ పాడారు, వాళ్ళలో ఎక్కువమంది పేరు ఎక్కడా అచ్చవ్వలేదు. టేపులో మాత్రం పేర్లు ఉంటాయి, ఎందుకంటే తప్పు జరిగినప్పుడే కండక్టర్ పేరు పెట్టి పిలుస్తాడు. మా స్పూల్లో ఒక్కదాంట్లోనే ఏడుగురి పేర్లు వినపడ్డాయి. ఎవరి మనవడో మనవరాలో ఎక్కడో ఉండి, మా తాతయ్య ఆ పాటకి సితార్ వాయించాడంట అని చెప్తే ఎవరూ నమ్మక ఊరుకుని ఉంటారు. వాళ్ళకి అది ఒక్కటే సాక్ష్యం.

2. పాట నేర్చుకునే పిల్లలకి. పాడుతా తీయగా 1996లో మొదలైన దగ్గర్నుంచి మన ఇళ్ళల్లో పిల్లలు పాట పోటీలు చూస్తూ పెరుగుతున్నారు. మా పక్కింటి పాప పదకొండేళ్ళది, పోటీలో ఒక సంగతి జారిందని ఇంటికొచ్చి అన్నం మానేసింది, ఆ పాట ఒరిజినల్‌లో వాళ్ళు అంత పర్ఫెక్ట్‌గా పాడారు నాకు రావట్లేదు అని ఏడుపు. ఆ అమ్మాయికి నేను మా స్పూల్లో నాలుగో టేకు వినిపించా, అంత పెద్ద గాయకుడు అదే చోట ఊపిరి చాలక ఆగిపోయి "సారీ అండి, ఇంకోసారి" అనడం. మళ్ళీ అడిగి విని, హార్మనీ పెట్టెతో కూర్చుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఓకే టేకు ఒక్కటే వినిపించడం అంటే గోపురం చూపించి గుడి ఎలా కట్టాలో నేర్చుకోమన్నట్టు.

3. మాలాంటి శ్రోతలకి. 78 ఆర్‌పీఎం రోజుల్లో రికార్డుకి ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకే పట్టేది కాబట్టి సినిమాలో ఉన్న చరణం రికార్డులో ఉండేది కాదు, కొన్ని పాటలైతే రికార్డు కోసం విడిగా మళ్ళీ పాడించారు. రేడియోలో వచ్చేది ఒకటి, హాల్లో విన్నది ఒకటి. ఆ తేడాలు పట్టుకుని పోస్టుకార్డుల మీద రాసుకుని పంచుకున్న పెద్దవాళ్ళు మా ఊళ్ళో ఉండేవారు. సినిమా ప్రింటు పాడైతే ఆ చరణం కూడా పోయినట్టే, ఎందుకంటే ఇప్పుడు మీరు యాప్‌ల్లో పెట్టేది రికార్డు వెర్షనే. సినిమా వెర్షన్ కూడా వేరే టేకే కదా, దానికీ ఒక లెక్క ఉండాలి.

4. నిజమేదో అబద్ధమేదో తెలియని పరిస్థితి. ఇది అన్నిటికంటే నన్ను భయపెడుతోంది. బాలు గారి గొంతుని కుటుంబానికి చెప్పకుండా ఏఐతో తయారుచేసి సినిమాలో వాడారని 2024లో వాళ్ళబ్బాయి చరణ్ గారు లీగల్ నోటీసు పంపడం అందరం చదివాం. ఇప్పుడు ఎవడైనా ఫోన్లో ఏదో చేసి ఘంటసాల గారి విడుదల కాని పాట అని వాట్సాప్‌లో తిప్పితే మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూ వింటుంది, అది ఆయన గొంతు కాదని ఆమెకి ఎవరు చెప్తారు? నిజమైన టేకులు మీ అలమరాల్లో మగ్గుతుంటే బయట నకిలీ గొంతులు తిరుగుతున్నాయి. అదే బీటిల్స్ వాళ్ళు ఏం చేశారు, చనిపోయిన వాళ్ళ గాయకుడు జాన్ లెనన్ డెబ్భైల్లో ఇంట్లో క్యాసెట్ మీద పాడుకున్న పాటలోంచి ఆయన అసలు గొంతుని కంప్యూటర్‌తో విడదీసి, మిగతావాళ్ళు వాయించి 2023 నవంబర్‌లో పాటగా తెచ్చారు. క్యాసెట్ దాచబట్టి అది సాధ్యమైంది.

5. ఎవరు ఏం చేశారన్న తగువులు. మాయాబజార్ పాటలకి మొదట సాలూరి రాజేశ్వరరావు గారు కొన్ని బాణీలు కట్టి తప్పుకున్నారు, ఘంటసాల గారు పూర్తి చేశారు, అంతవరకు అందరికీ తెలుసు. ఆ రిహార్సల్స్ టేపులు ఉండి ఉంటే డెబ్భై ఏళ్ళుగా సాగుతున్న వాదనలు పదినిమిషాల్లో తీరేవి, ఇద్దరి గొప్పా తెలిసేది.

దీనికి టైం లేదు అని ఎందుకు అంటున్నానంటే, మన మొదటి టాకీ భక్త ప్రహ్లాద 1932లో వచ్చింది, ఇవాళ దాని ప్రింటు ఒక్కటి లేదు. 2003లో పూణే ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళ పాత నైట్రేట్ రీళ్ళు మంటల్లో పోయాయి. అమెరికాలో 2008 జూన్ 1న యూనివర్సల్ స్టూడియో ఆవరణలో నిప్పంటుకుని ఒరిజినల్ టేపులు కాలిపోతే, నష్టం ఎంత పెద్దదో 2019 దాకా బయటి ప్రపంచానికి తెలీదు. వాళ్ళు కనీసం పోయిందేదో వెతికి లెక్క తేల్చే ప్రయత్నమైనా చేశారు. మనకి పోయినా తెలీదు. పోయినేడాది చెన్నైలో ఒక పాత థియేటర్ సామాను ఖాళీ చేస్తుంటే స్పూళ్ళు కాటాకి వేసి తూకం లెక్కన అమ్మేశారని తెలిసి పరిగెత్తా, వెళ్ళేసరికి అట్టపెట్టెలు మాత్రం మిగిలాయి, అల్యూమినియం చక్రాలకి డబ్బొస్తుందని టేపు కోసేసి పక్కన కుప్ప పోశారు. ఆ కుప్పలోంచి ఒక పిడికెడు తెచ్చుకున్నా, ఏ పాటో తెలీదు.

ఇది పాత టేపుల గొడవే అనుకోకండి. తొంభైల్లో డాట్ అనే డిజిటల్ క్యాసెట్లు, తర్వాత హార్డ్ డిస్కులు, టేపుకంటే అవే ముందు పోతున్నాయి, పదిహేనేళ్ళు తిప్పని డిస్కు తిరుగుతుందన్న నమ్మకం లేదు, తిరిగినా ఆ సాఫ్ట్‌వేర్ లేదు. 2023లో నాటు నాటుకి ఆస్కార్ వచ్చినప్పుడు సినిమాలో ఆ ఒక్క పాట సన్నివేశం కోసం చాలా బాణీలు కట్టామని వాళ్ళే చెప్పారు. ఆ మిగతా బాణీలు, అసలు గాయకులకంటే ముందు నమూనాగా పాడే ట్రాక్ సింగర్ల వెర్షన్లు ఇప్పుడు ఏ డిస్కులో ఉన్నాయో, దానికి రెండో కాపీ ఉందో లేదో ఇప్పుడే చూసుకుంటే మంచిది.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు కూడా నాకు తెలుసు. గాయకుడు వద్దనుకున్న టేకుని బయటపెట్టడం అమర్యాద కాదా అంటారు. న్యాయమైన ప్రశ్నే, నేనూ చాలా ఆలోచించా. బతికున్నవాళ్ళని అడగాలి, పోయినవాళ్ళ ఇంట్లోవాళ్ళని అడగాలి, వద్దంటే వద్దు, అక్కడితో ఆగాలి. సొంత విషయాలు మాట్లాడుకున్నవి, ఎవర్నైనా నొప్పించేవి బయటికి రాకూడదు. కానీ విడుదల చెయ్యకపోవడం వేరు, నాశనం కానివ్వడం వేరు, ముందు దాచండి, వినిపించాలా వద్దా తర్వాత తేల్చుకుందాం. డబ్బు రాదు అంటారు. 2010లో మాయాబజార్‌కి రంగులేసి విడుదల చేస్తే అప్పటికి యాభై మూడేళ్ళ సినిమా, టీవీలో వందసార్లు చూసిన సినిమా, జనం టికెట్ కొనుక్కుని వెళ్ళారు. కొనేవాళ్ళం ఉన్నాం, అమెరికాలో ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్ళు ఇంకా ఎక్కువ ఉన్నారు, మాకు కొనడానికి మీరు ఇవ్వాలి అంతే.

మేం అడుగుతున్నవి ఇవి:

1. చెరపడం, పారెయ్యడం, తూకానికి అమ్మడం ఈ రోజు నుంచి ఆపండి. గోడౌన్ ఖాళీ చెయ్యాల్సి వస్తే ఒక నెల ముందు బయటికి చెప్పండి, మా ఖర్చుతో మేమే వచ్చి తీసుకెళ్ళి మీ పేరు మీదే భద్రపరుస్తాం.

2. జాబితా పెట్టండి. సినిమా పేరు, పాట, తేదీ, టేపు రకం, పెట్టె మీద ఏం రాసుందో అది, ఇంతే. పెట్టె ఫొటో తీసి పెట్టినా చాలు, చదువుకోవడం మేం చదువుకుంటాం. మిగతావన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి ఒక్కటే చేస్తామంటే ఇదే చెయ్యమంటా.

3. కాపీలు తీయించండి, ముందు జిగురుజబ్బు పట్టినవి, తర్వాత మిగతావి. పూణే ఆర్కైవ్‌కి, రెండు తెలుగు రాష్ట్రాల ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్లకీ ఇదే విన్నపం, అవార్డు ఫంక్షన్లకి అయ్యే ఖర్చులో కొంచెం దీనికి పెట్టండి. అప్పటి ఇంజనీర్లు, అసిస్టెంట్లు ఇంకా కొందరు ఉన్నారు, డెబ్భైలు ఎనభైల వయసులో. ఏ పెట్టెలో ఏముందో, హోల్డ్ అని ఎవరు ఎందుకు రాశారో వాళ్ళకే తెలుసు. టేపులకంటే ముందు వాళ్ళని కూర్చోబెట్టి అడగండి.

4. ఏడాదికి ఒక్క సినిమా తీసుకోండి. ఆ పాటల టేకులు, సినిమా వెర్షన్, రికార్డు వెర్షన్, ట్రాక్ ఉంటే ట్రాక్, అన్నీ కలిపి వాయించినవాళ్ళ పేర్లతో సహా విడుదల చెయ్యండి. శబ్దాన్ని మరీ కడిగెయ్యకండి, కుర్చీ జరిపిన చప్పుడు, దగ్గు, స్టాండు మీద కర్ర దెబ్బ ఉండనివ్వండి, మేం వినాలనుకునేది అవి కూడా.

5. వచ్చిన డబ్బులో పాడినవాళ్ళకీ వాయించినవాళ్ళకీ, వాళ్ళు లేకపోతే ఇంట్లోవాళ్ళకీ వాటా ఇవ్వండి. 2012 చట్ట సవరణతో గాయకుల రాయల్టీ మాట చట్టంలోకి వచ్చింది, వెనక వరస వయొలిన్‌కి కూడా ఎంతో కొంత వెళ్ళాలి.

6. ఇది కేంద్ర ప్రభుత్వానికి. మన చట్టంలో రికార్డింగ్ మీద హక్కు అది విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు, 1964లో వచ్చిన రికార్డుల గడువు 2024తో తీరిపోయింది. కానీ అసలు విడుదలే కాని టేకుకి ఆ లెక్క మొదలే కాదు, అంటే తాళం వేసి కూర్చుంటే కూర్చోవచ్చు. యూరప్‌లో 2011లో గడువు 50 నుంచి 70 ఏళ్ళకి పెంచినప్పుడు, యాభై ఏళ్ళలోపు బయటపెట్టని రికార్డింగ్‌కి ఆ పెంపు దక్కదన్నారు. వెంటనే 2012 చివర్లో డిలన్ కంపెనీ పాత టేకులు వంద కాపీలు మాత్రం వేసి అమ్మింది, 2013 డిసెంబర్‌లో బీటిల్స్‌వి 59 రికార్డింగులు బయటికొచ్చాయి. హక్కు పోతుందంటే ఎవరైనా అలమర తెరుస్తారు. మన దగ్గర కూడా అలాంటి నిబంధన పెట్టండి, కావాలంటే 60 ఏళ్ళే ఇవ్వండి, కానీ రికార్డ్ చేసిన రోజు నుంచి లెక్కపెట్టండి.

నా దగ్గరున్న మూడు స్పూళ్ళ మీద హక్కు నాది కాదని నాకు తెలుసు, అందుకే ఆ పాట పేరు ఇక్కడ రాయలేదు, నెట్‌లో ఎక్కడా పెట్టలేదు, మా ఇంట్లోవాళ్ళం, ఆ డెక్కు ఆయన, పక్కింటి పాప తప్ప ఎవరూ వినలేదు. కాపీ తీసి రెండు డిస్కుల్లో పెట్టా. అసలు స్పూళ్ళు స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి బీరువాలో నిలబెట్టి ఉంచా, వర్షాకాలంలో నెలకోసారి పొట్లాలు మారుస్తున్నా. ఆ పాట హక్కు మీలో ఎవరిదో వాళ్ళు ఒక కార్డు ముక్క రాస్తే చెన్నై అయినా ముంబై అయినా నేనే పట్టుకొచ్చి మీ చేతికిస్తా, డబ్బు వద్దు. రసీదు ఇవ్వండి, దాని మీద రెండో టేకులో తీగ తెగిన వయొలినిస్ట్ పేరు రాయండి, పేరు నేను చెప్తా.

ఇట్లు,
వెనక వరస వయొలిన్ మేనల్లుడు,
విజయవాడ